అంగడి అరుగు మీద ఆకాశ యుద్ధం

పామిడి బజారులో సాయంత్రం పూట ఒకసారి నడిచి చూడండి. అంగళ్ళ ముందు అరుగుల మీద, మూసిన తలుపుల మెట్ల మీద, బస్సు కోసం నిలబడే చోట యువకులు వరుసగా కూర్చుని కనబడతారు. పక్కపక్కనే ఉన్నా ఒకరి ముఖం ఒకరు చూడరు. నలుగురి చేతుల్లో నాలుగు సెల్‌ఫోన్లు ఉంటాయి. నలుగురూ ఆటలోనే ఉన్నారు, కాని ఎవరి ఆట వారిది. తనతో ఆడుతున్నది ఎవరో, ఏ ఊరివాడో, అసలు మనిషో యంత్రమో కూడా వారికి తెలియదు.

ఒకప్పుడు ఇవే అరుగుల మీద పులిజూదం నడిచేది. బండ మీద బొగ్గుతో గీసిన గీతలు, పులులుగా 3 గుండ్రాళ్ళు, మేకలుగా 15 చింతగింజలు ఉంటే చాలు. ఆడేది ఇద్దరు, చూసేది పదిమంది, సలహాలు చెప్పేది దారిన పోయే ప్రతివాడూ. ఓడినవాడు గింజలు ఏరుకొని మళ్ళీ పరిచేవాడు. పేరులో జూదం ఉన్నా పైసా పందెం లేని ఆట అది. ఈనాడు ఫోనులో నడుస్తున్న వాటిలో కొన్ని పేరుకు ఆటలే గాని, నిలువునా జూదాలు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో మా బంధువుల ఇంట్లో చూశాను. చుట్టుపక్కల పల్లెలోని కుటుంబం వారిది. తొలకరికి వేరుశనగ విత్తనాల కోసం ఇంటాయన దాచిన డబ్బు, కొడుకు ఫోనులో ఆటకు పెట్టి పోగొట్టాడు. మొదట వంద వచ్చింది. తరువాత ఐదు వందలు వచ్చాయి. ఆ తరువాత వచ్చింది లేదు, పోయింది తప్ప. ఆ సంవత్సరం విత్తనం అప్పు తెచ్చి వేశారు. వాన కూడా సరిగా పడలేదు. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు, చదువుకున్నవాడు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఏమి చేయాలో తెలియనివాడు, అంతే.

ప్రభుత్వాలు చూస్తూ ఊరుకోలేదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో రాష్ట్ర ప్రభుత్వం సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కాని చట్టం పందెం ఆడవద్దని చెప్పగలదు గాని, సాయంత్రం ఆరు గంటలకు ఏమి ఆడాలో చెప్పలేదు. అది చెప్పవలసినది మనం, మన ఊరు.

అరుగు మళ్ళీ నిండాలి. అందుకు పులిజూదం ఒక్కటే చాలదు. ఈ కాలపు పిల్లలు రాకెట్లు చూసి పెరిగినవారు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 చంద్రుని మీద దిగిన సాయంత్రం ఇంటింటా పిల్లలు టీవీలకు అతుక్కుపోవడం మనకు గుర్తే. వారికి ఆకాశం కావాలి. ఆకాశంలో ఆడే బల్ల మీది ఆట ఒకటి ఉంది. విదేశాలలో అది చిన్న చిన్న అంగళ్ళలోనే పెరిగింది. దానిని పామిడిలో ఒక అంగట్లో, ఒక సాయంత్రం, పైసా పందెం లేకుండా పెట్టి చూడాలన్నదే నా సూచన.

ఏమిటా ఆట?

1977లో అమెరికాలో 'స్టార్ వార్స్' అనే సినిమా వచ్చింది. నక్షత్రాల మధ్య విమానాలు తలపడే కథ అది. ఆ కథలోని విమానాలను వేలెడంత బొమ్మలుగా చేసి, ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ అనే అమెరికా సంస్థ 2012లో 'ఎక్స్-వింగ్' అనే ఆటను విడుదల చేసింది. ఇటువంటి ఆటలు మరికొన్ని ఉన్నా, అంగళ్ళలో బాగా ఆడిన వాటిలో ఇది ఒకటి.

బల్ల మీద మూడడుగుల చదరపు గుడ్డ పరుస్తారు. అదే ఆకాశం. మధ్యలో అట్టతో చేసిన రాళ్ళు అక్కడక్కడా పెడతారు. ఇద్దరు ఆటగాళ్ళు చెరో అంచున తమ విమానాలను నిలుపుతారు. గడులు లేవు, గీతలు లేవు. విమానం ఎంత దూరం పోవాలో, ఎటు తిరగాలో కొలవడానికి అట్ట ముక్కలు ఉంటాయి. కొన్ని నేరుగా, కొన్ని కొద్దిగా వంపుగా, కొన్ని పూర్తి మలుపుగా ఉంటాయి. విమానం ముందు ఆ ముక్కను పెట్టి, దాని రెండో కొసకు విమానాన్ని జరుపుతారు.

ఆటలోని కిటుకు ఇక్కడే ఉంది. ప్రతి విమానానికీ గడియారం ముఖం లాంటి ఒక చిన్న చక్రం ఉంటుంది. ఈ విడత తన విమానం ఎటు, ఎంత దూరం పోవాలో ఆటగాడు ఆ చక్రం మీద తిప్పి, బోర్లించి పెడతాడు. ఎదుటివాడూ అదే చేస్తాడు. ఇద్దరూ దాచి పెట్టిన తరువాతనే చక్రాలు ఒక్కొక్కటిగా తిరగేస్తారు. తిరగేసిన తరువాత 'అయ్యో, అటు కాదు' అంటే కుదరదు. రాసినది రాసినట్టే జరగాలి. తన విమానం రాయికి తగిలినా, సొంత విమానాన్నే గుద్దుకున్నా, గుడ్డ అంచు దాటి ఆటలోనుంచే పోయినా సరే.

అనంతపురం జిల్లా రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పనవసరం లేదు. విత్తనం వేయాలన్న నిర్ణయం ముందు, వాన తరువాత. భూమిలో పడిన గింజను వెనక్కు తీసుకోలేము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతం మీద బతికే ప్రాంతం మనది. ఎదుటివాని ఎత్తు తెలియక ముందే మన ఎత్తు వేయడం తరతరాలుగా మనకు అలవాటు. తేడా ఒక్కటే. బల్ల మీద తప్పు చేస్తే పోయేది ఒక అట్ట విమానం. నేర్చుకున్న జాగ్రత్త మాత్రం మనతోనే ఉంటుంది.

విమానాలు కదిలిన తరువాత తన ఎదుట, కొలబద్దకు అందే దూరంలో ఉన్న శత్రువు మీద గురి పెట్టవచ్చు. కొట్టేవాడు ఎర్ర పాచికలు, తప్పుకొనేవాడు పచ్చ పాచికలు వేస్తారు. దగ్గరగా ఉంటే కొట్టేవానికి ఒక పాచిక ఎక్కువ. బాగా దూరంగా ఉంటే తప్పుకొనేవానికి ఒకటి ఎక్కువ. ఇంకొక చక్కని నియమం ఉంది. నేర్పు తక్కువ ఉన్న చోదకుడు ముందు కదలాలి. నేర్పు ఎక్కువ ఉన్నవాడు ఎదుటివాడు ఎక్కడికి వచ్చాడో చూసి తరువాత కదులుతాడు. కొట్టేటప్పుడు మాత్రం నేర్పరిదే ముందు వంతు.

ఇది కొత్త పులిజూదమే

ఆట మొదటి కూర్పులో ఇద్దరికీ చెరి 100 పాయింట్లు ఇచ్చేవారు. ఆ లోపల ఎవరికి కావలసిన విమానాలు వారు ఎంచుకోవాలి. కథలో తిరుగుబాటుదారుల గట్టి విమానం 21 పాయింట్లు, సామ్రాజ్యం వారి పలుచని విమానం 12 పాయింట్లు. అంటే ఒకరు 4 గట్టి విమానాలతో వస్తే, రెండోవారు 8 పలుచని విమానాలతో రావచ్చు.

ఇది విన్న పల్లెటూరి పెద్దలు ఎవరైనా వెంటనే పోల్చుకుంటారు. ఇవి పులులూ మేకలూ కాక మరేమిటి? పులులు కొద్ది, బలం ఎక్కువ. మేకలు ఎక్కువ, ఒంటరిగా దొరికితే చావు. కాని మేకలు ఒకదాని వెనుక ఒకటి సందు లేకుండా నిలిస్తే పులికి దూకే చోటు లేక కట్టుబడిపోతుంది. ఎనిమిది విమానాలవాడు గెలవాలన్నా దారి అదే. కలిసి కదలాలి, చెదిరిపోకూడదు. వేల మైళ్ళ అవతల పుట్టిన ఆటకు, మన బండల మీది ఆటకు లోపలి సూత్రం ఒకటే.

సైన్యాలను బొమ్మలుగా చేసి ఆడడం అసలు మనకు కొత్త కాదు. చదరంగానికి మూలమైన చతురంగంలో రథ, గజ, తురగ, పదాతి దళాలు మన దేశంలోనే బల్ల మీదకు ఎక్కాయి. 1824లో ప్రష్యా సైన్యం రైస్విట్జ్ అనే అధికారి తీర్చిన బల్ల మీది యుద్ధాన్ని తన అధికారుల శిక్షణకు తీసుకున్నది. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సిపాయిలతో ఇంట్లో ఆడుకొనే ఆటకు నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అనే పుస్తకంగా వేశారు. ఆకాశ విమానాల ఆట ఆ వంశంలోదే. కనుక ఇది ఎక్కడినుంచో ఊడిపడిన వింత అని ఎవరూ జంకనక్కరలేదు.

అంగడివారికి ఏమి లాభం?

ఈ ఆట విదేశాలలో ఇళ్ళలో కంటె అంగళ్ళలో ఎక్కువగా పెరిగిందని చెప్పాను. అక్కడ ఆట వస్తువులు అమ్మే చిన్న అంగడివారు వారంలో ఒక సాయంత్రం రెండు మూడు బల్లలు వేసి ఆడుకోనిస్తారు. కొత్తవారికి ఆట నేర్పడానికి పాత ఆటగాడు ఒకరు అక్కడే ఉంటారు. అప్పుడప్పుడు పోటీ పెడతారు. పోటీలో ఒక్కో ఆటకు 75 నిమిషాల గడువు పెట్టేవారు. గెలిచినవారిని గెలిచినవారితో, ఓడినవారిని ఓడినవారితో జత చేసి మళ్ళీ ఆడిస్తారు. మొదటి ఆటలో ఓడినంత మాత్రాన ఎవరినీ ఇంటికి పంపరు. వచ్చిన ప్రతి ఒక్కరూ చివరి విడత దాకా ఆడతారు. పోటీ పద్ధతులలో నాకు అన్నింటికంటె నచ్చినది ఇదే. ఓడినవాడు లేచిపోతే మళ్ళీ ఫోనే తీస్తాడు.

అంగడివారు ఇదంతా దానధర్మంగా చేయరు. ఆడడానికి వచ్చినవారు అక్కడే బొమ్మలు కొంటారు, దాహానికి ఏదో తాగుతారు, తోడు వచ్చినవారు మరొకటి చూసి కొంటారు. అంతకంటె ముఖ్యం, ఆ అంగడి పేరు నలుగురి నోట నానుతుంది. వస్తువు చౌకగా ఇంటికే పంపే పెద్ద సంస్థలతో చిన్న అంగడి ధరలో పోటీ పడలేదు. కూర్చోవడానికి చోటు, పలకరించడానికి మనిషి ఆ పెద్ద సంస్థల దగ్గర లేవు. చిన్న అంగడి దగ్గర ఉన్నాయి.

ఈ మాట నేను బజారులో ఒక పెద్దాయనతో అన్నాను. ఏళ్ళ తరబడి బట్టల వ్యాపారం చేస్తున్నవారు. ఆయన నవ్వి, "పిల్లోళ్ళను అరుగు మీద కూర్చోబెడితే ఆడోళ్ళు అంగట్లోకి రారు సామీ" అన్నారు. నిజమే, అది తోసివేయదగిన మాట కాదు. ఊరికే కూర్చున్న కుర్రవాళ్ళ గుంపు ముందుగా దాటిపోవడం ఆడపిల్లలకు ఇబ్బందే. కాని తలవంచుకొని కొలతలు కొలుస్తూ, పాచికలు వేస్తూ ఉన్న పిల్లల గుంపు వేరు. ఆ పిల్లల్లో తన కొడుకో కూతురో ఉన్న తల్లి అంగట్లోకి రాకుండా పోదు. వచ్చి ఊరికే నిలబడదు, నాలుగు రకాలు చూస్తుంది. ఈ మాట చెప్పాక పెద్దాయన "అదీ నిజమే" అని ఊరుకున్నారు. ఒప్పుకున్నట్టా లేదా అనేది ముందు ముందు చూడాలి.

బట్టల అంగడే తగిన చోటు

ఆ బొమ్మలు విదేశాలనుంచి తెప్పించాలంటే సామాన్యుడికి అందే ధర కాదు. పైగా 2024లో ఆ ఆటకు కొత్త బొమ్మలు తయారు చేయడం ఆపివేస్తున్నట్టు దానిని నడుపుతున్న సంస్థ ప్రకటించింది. అక్కడ ఆట ఆగిపోలేదు. ఆడేవారు తమ దగ్గర ఉన్న బొమ్మలతో, తామే నియమాలు చక్కదిద్దుకుంటూ ఆడుకుంటున్నారు. ఇందులో మనకొక పాఠం ఉంది. ఆటను బతికించేది పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ కాదు, బల్ల చుట్టూ చేరిన మనుషులు. కనుక మనం పెట్టె కొనవలసిన పనే లేదు. ఆట పద్ధతిని మాత్రం తీసుకుందాం. విమానాలు, పేర్లు, కథ మనమే చేసుకుందాం.

పామిడి బట్టల వ్యాపారానికీ కుట్టుపనికీ పేరుపడ్డ ఊరు. ఈ ఆటకు కావలసిన సరకు మొత్తం బట్టల అంగట్లోనే ఉంది. మూడడుగుల నల్లగుడ్డ మిగులు ముక్కల్లో దొరుకుతుంది. దాని మీద దర్జీ సుద్దతో చుక్కలు పెడితే నక్షత్రాలు. తానులకు, చొక్కాలకు లోపల పెట్టే అట్టలు ఊరికే పారేస్తారు. విమానాలకు, కదిలే ముక్కలకు, చక్రాలకు అవి చాలు. రెండు గుండ్రటి అట్టలను మధ్యలో ఒక గుండీ వేసి దారంతో కుడితే తిరిగే చక్రం తయారు. కొలబద్దకు దర్జీ టేపు ఉండనే ఉంది. పాత గుండీలు విమానం ప్రాణాలకు లెక్కగా పనికివస్తాయి.

పాచికలకు బదులు గవ్వలు వాడుకోవచ్చు. నేను అనుకుంటున్న తేలిక పద్ధతి ఇది. ఒక్కో విమానానికి 3 గుండీలు. కొట్టేవాడు 3 గవ్వలు వేయాలి. వెల్లకిల పడినవి దెబ్బలు. తప్పుకొనేవాడు 2 గవ్వలు వేయాలి. వెల్లకిల పడిన ప్రతి గవ్వ ఒక దెబ్బను తప్పిస్తుంది. మిగిలిన ప్రతి దెబ్బకూ ఒక గుండీ పోతుంది. గుండీలు అయిపోతే విమానం కూలినట్టే. టేపు మీద 12 అంగుళాలు దాటితే దెబ్బ తగలదు. 4 అంగుళాల లోపు ఉంటే కొట్టేవానికి ఒక గవ్వ ఎక్కువ. 8 దాటితే తప్పుకొనేవానికి ఒకటి ఎక్కువ. మొదటిసారికి చెరి 3 విమానాలు చాలు. ఆడగా ఆడగా పిల్లలే నియమాలు పెంచుకుంటారు.

విమానాల పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలని ఎక్కడా లేదు. గద్ద, డేగ, పిచ్చుక అని పెట్టుకోవచ్చు. పిల్లలు వాటికి రంగులు వేయాలి. మన పక్కనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఉన్నారు. 2022లో జిల్లాల విభజనతో ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా, కళ మనందరిదీ. తోలు మీద రావణుణ్ణి, హనుమంతుణ్ణి కత్తిరించి రంగులద్దే చేతులున్న సీమ మనది. అట్ట మీద ఒక విమానం కత్తిరించడం మన పిల్లలకు రాకపోతుందా?

ఒక సాయంత్రపు ఏర్పాటు

ఏర్పాటు విషయంలో ఆర్భాటం వద్దు. శామియానా వద్దు, మైకు వద్దు, వేదిక మీద పెద్దల ప్రసంగాలు అంతకంటె వద్దు. 8 మంది పిల్లలు, 4 బల్లలు, 3 విడతలు చాలు. ఒక్కో విడతకు 45 నిమిషాలు. 8 మందికి మూడు విడతలు ఆడిస్తే, సమానంగా ముగిసిన ఆట లేకుంటే, మూడూ గెలిచినవారు సరిగ్గా ఒక్కరే మిగులుతారు. అందరూ మూడేసి ఆటలు ఆడినట్టూ అవుతుంది. సాయంత్రం ఐదుకు మొదలు పెడితే మధ్యలో మంచినీళ్ళకు, సందేహాలకు పోగా ఎనిమిదికి ముగుస్తుంది.

వేసవి సెలవులు ఇందుకు తగిన కాలం. బడి ఉండదు, పొలం పని తక్కువ, పగలు ఎండకు ఎటూ బయటికి రాలేరు. ఇంకా సేద్యాలు మొదలు కావు. వ్యాపారం పలచగా ఉండే వారం చూసుకుంటే అంగడివారికీ నష్టం ఉండదు. కరెంటు పోతే వెలుగు కోసం ఒక లాంతరు సిద్ధంగా ఉంచుకోవాలి. ఫ్యాను గాలికి అట్ట విమానాలు ఎగిరిపోకుండా అడుగున ఒక చిన్న రాయి అతికించాలి. ఇవి చిన్న విషయాలే గాని, ఇటువంటివి చూసుకోకనే మంచి పనులు మొదటి రోజే అభాసుపాలవుతాయి.

ఒక పెద్దమనిషిని మధ్యవర్తిగా పెట్టాలి. లెక్కల మాస్టారు ఎవరైనా ఒప్పుకుంటే మరీ మంచిది. టేపు అర అంగుళం అటా ఇటా అన్న దగ్గరే తగవులు వస్తాయి. మధ్యవర్తి మాటే చివరి మాట అని ముందే చెప్పి ఒప్పించాలి. అనుమానం తీరకపోతే ఒక గవ్వ వేసి తేల్చాలి. విడత అయిపోగానే గెలిచినవారు ముందుగా లేచి ఓడినవారికి చేయి కలపాలి. దీనిని నియమంగానే రాసి పెట్టాలి. చిన్న మాటకు పట్టింపు, పట్టింపుకు పగ, పగకు తరం తరం బలి కావడం మన సీమ చూడనిది కాదు. ఓటమిని ఓటమిగా అక్కడికక్కడే వదిలిపెట్టి, మరుసటి వారం అదే మనిషితో కూర్చుని ఆడడం చిన్ననాడే అలవాటు కావాలి.

పందెం మాట రాకూడదు

పెద్దలకు ఉన్న ముఖ్యమైన భయం పందెం. ఆ భయం న్యాయమైనదే. పేకాట శిబిరాల మీద దాడుల వార్తలు, క్రికెట్ పందేల వార్తలు చదివి చదివి, ఆట అనగానే అనుమానించే స్థితికి వచ్చాము. కనుక నియమం గట్టిగా ఉండాలి. ప్రవేశ రుసుము ఉండకూడదు. పది రూపాయలైనా వసూలు చేసి, అందులోనుంచే గెలిచినవారికి బహుమతి ఇస్తే అది పందెం గుమ్మంలో అడుగు పెట్టినట్టే. ఆటగాళ్ళ మధ్య టీ పందెం కూడా పనికిరాదు. చూడవచ్చినవారు పక్కన నిలబడి పందెం కాస్తే ఆట అక్కడికక్కడే ఆపివేయాలి. బహుమతి అంగడివారు సంతోషంగా ఇచ్చే ఒక నోటు పుస్తకమో, చొక్కా గుడ్డో అయితే చాలు. అది మొదటివానికే కాక, అందంగా విమానం చేసినవారికి ఒకటి, ఓడినా నవ్వుతూ ఆడినవారికి ఒకటి ఇవ్వాలి.

చదువు పాడవుతుందని మరికొందరి బాధ. మూడు గంటల సేపు అంగుళాలు, కోణాలు, మూడు గవ్వలలో రెండు వెల్లకిల పడే అవకాశం ఎంత అని లెక్క వేసుకొనే పిల్లవాడికి చదువు పాడవదు. మన కళ్ళెదుటే రుజువులు ఉన్నాయి. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2019లోను, మళ్ళీ 2024లోను ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ విజేత అయింది. వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగు దాటాడు. బల్ల ముందు కూర్చున్నవారు చెడిపోలేదు, పేరు తెచ్చారు. మన పిల్లలందరూ ప్రపంచ విజేతలు కానక్కరలేదు. గంట సేపు ఒక విషయం మీద మనసు నిలపడం వస్తే అదే పదివేలు.

పాత అరుగులో ఒక లోపం

ఇంతవరకు పాత అరుగును పొగిడాను. ఒక నిజం చెప్పకుండా ముగిస్తే అన్యాయమవుతుంది. ఆ అరుగు అందరిదీ కాదు. మా చిన్నతనంలో పులిజూదం ఆడుతుంటే, కొందరు పిల్లలు వీధిలో దూరంగా నిలబడి చూసేవారు. అరుగు ఎక్కడానికి వారికి వీలు లేదు. ఎందుకు లేదో అడగడానికి మాకు బుద్ధి లేదు. వారిలో ఒకడు మాకంటె ముందుగా పులి కట్టుబడే చోటు కనిపెట్టి, కింద నుంచే వేలితో చూపేవాడు. మేము అతని సలహా తీసుకొనేవాళ్ళం గాని, పక్కన కూర్చోమని ఏనాడూ అనలేదు. అక్కాచెల్లెళ్ళ సంగతి అంతే. వారికి ఇంట్లో వామనగుంటలు, అష్టాచెమ్మా. అరుగు మగవారిది.

ఫోను ఎంత చెడు చేసినా ఒక్క విషయంలో దానిని తప్పు పట్టలేము. అది కులం అడగలేదు, ఆడా మగా చూడలేదు. అందరినీ రానిచ్చింది, అందరినీ ఒకే తీరుగా దోచింది. మన అరుగు మళ్ళీ నిండాలంటే పాత అరుగులాగ ఉంటే చాలదు. ఎనిమిది మందిని పిలిచేటప్పుడు ఏ వీధి పిల్లలు వచ్చారు, ఏ వీధి పిల్లలు రాలేదు అని చూడాలి. కనీసం ముగ్గురైనా ఆడపిల్లలు ఉండాలి. పనుల కోసం తల్లిదండ్రులు బెంగుళూరు వెళితే అవ్వాతాతల దగ్గర ఉండే పిల్లలను ప్రత్యేకంగా పిలవాలి. సాయంత్రం పూట వారికంటె ఒంటరివారు ఊళ్ళో లేరు. జతలు చీటీలు తీసి కలపాలి. ఎవరి ఎదుట ఎవరు కూర్చోవాలన్నది చీటీ చెప్పాలి, ఇంటి పేరు కాదు.

ఇది జరిగితే చాలు, ఆట ఎవరు గెలిచినా మంచిదే.

వర్తకులకు విజ్ఞప్తి

ఇందుకు నిధులు అక్కరలేదు. అధికారుల కోసం ఎదురు చూడనక్కరలేదు. కావలసినది ఒక అరుగు, నాలుగు బల్లలు, పారవేసే అట్టలు, మూడు గంటల ఓపిక. ఒక అంగడివారు ముందుకు వస్తే రెండో నెల రెండు అంగళ్ళు ముందుకు వస్తాయి. పామిడిలో సాగితే గుత్తివారు, గార్లదిన్నెవారు తమ పిల్లలను తీసుకొని రావచ్చు. అప్పుడు ఊరికీ ఊరికీ పోటీ పెట్టుకోవచ్చు.

మొదటి సాయంత్రం నలుగురే రావచ్చు. వచ్చిన నలుగురిలో ఇద్దరు మధ్యలో ఫోను తీసి చూడవచ్చు. నిరాశ పడకూడదు. చక్రాలు తిరగేసే క్షణంలో మాత్రం ఎవరూ ఫోను చూడరు. ఎదుటివాడు ఎటు తిరిగాడో అన్న ఆత్రం ఆ క్షణంలో ఫోను కంటె పెద్దది. ఎదుట కూర్చున్నవాని ముఖం చూసి, వాని మనసులో ఏముందో అంచనా వేయడం మన పిల్లలు మరచిపోతున్న విద్య. అది ఫోనులో దొరకదు.

నా వంతు నేను చెబుతాను. నల్లగుడ్డ ఒకటి కొని చుక్కలు పెట్టి ఉంచాను. ఆరు అట్ట విమానాలు చేశాను. వాటిలో రెండు ఒక పక్కకు ఒరిగిపోతున్నాయి, సరి చేయాలి. గవ్వలు పాత డబ్బాలో ఉండనే ఉన్నాయి. అరుగు చూపించేవారు కావాలి. మన బజారు వర్తకులు ఈ విషయం ఆలోచించి, వచ్చే వేసవి సెలవుల్లో ఒక్క సాయంత్రం కేటాయించాలని కోరుతున్నాను.